రిటైరైన తరువాత మొదలైన ఉద్యోగం
(గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం)

పదవీ విరమణ రోజు ఎలా ఉంటుందో మనందరికీ అనుభవమే. పూలదండలు, శాలువా, గోడ గడియారం, గ్రూపు ఫొటో, నాలుగు మంచి మాటలు. ఆ మర్నాడు ఉదయం అలవాటు ప్రకారం అదే వేళకు మెలకువ వస్తుంది. లేచి చేయవలసిన పని మాత్రం కనబడదు. మొదటి నెలలో పింఛను కాగితాల కోసం తిరుగుతాం కాబట్టి కాలం తెలియదు. ఆ తరువాతే అసలు కష్టం మొదలవుతుంది. రోజూ నడవమని డాక్టరు గట్టిగా చెబుతాడు. వారం రోజులు నడుస్తాం, పదో రోజున మానేస్తాం. నడిస్తే మంచిదన్న సంగతి మనకు తెలియక కాదు. ఎక్కడికి, ఎందుకు నడవాలో తోచక మానేస్తాం.

ఆరోగ్య సూత్రాలు ఈ సంచికలో ఇతర మిత్రులు రాస్తూనే ఉన్నారు. నేను ఒక పెద్దమనిషి జీవితం చెబుతాను. ఆయన 1880లో ఉద్యోగంలో చేరి 1911లో రిటైరయ్యారు. సర్వీసు 31 సంవత్సరాలు. ఆ తరువాత 1940 దాకా, అంటే ఇంకో 29 సంవత్సరాలు జీవించారు. లెక్క చూస్తే రెండు భాగాలూ ఇంచుమించు సమానం. ఆ మొదటి భాగంతోనే ఆగిపోయి ఉంటే పర్లాకిమిడిలో ఒక మంచి హిస్టరీ మాస్టారు ఉండేవారని అక్కడి పాత విద్యార్థులు కొన్నాళ్లు చెప్పుకొని మరిచిపోయేవారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఇవాళ మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నామంటే అది చాలావరకు రెండో భాగం పుణ్యమే.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరం వచ్చి పోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. విజయనగరంలో మేనమామ గారింట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. ఆ తరగతిలోనే ఇంకొక కుర్రవాడు ఉండేవాడు, గురజాడ అప్పారావు. ఇద్దరి స్నేహం అక్కడ మొదలైంది. 1879లో మెట్రిక్ ప్యాసై, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే మాస్టారుగా చేరారు. పై చదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా చదివినవే. ముప్పై దాటాక బి.ఎ. పట్టా పుచ్చుకున్నారు. డిపార్టుమెంటు పరీక్షలు నడివయస్సులో రాసిన మన మిత్రులకు ఆ కష్టమేమిటో విడిగా చెప్పనక్కర లేదు.

సర్వీసులో ఉండగానే ఆయనకు రెండు పనులు పట్టుకున్నాయి. రెండింటికీ జీతంతో సంబంధం లేదు. అదే ముఖ్యమని నాకు తోస్తుంది.

మొదటిది శాసనాలు చదవడం. శ్రీముఖలింగం గుడి నిండా తూర్పు గాంగ రాజుల నాటి శాసనాలు ఉన్నాయి. ఊరివాళ్లు రోజూ చూసే రాళ్లే, చదవగలిగినవాళ్లే లేరు. చరిత్ర పాఠం చెప్పేవాడు తన ఊరి రాతిమీద ఏముందో తెలుసుకోకపోతే ఎలా అనుకున్నారో ఏమో, గురువంటూ లేకుండానే ఆ పాత లిపి నేర్చుకున్నారు. గాంగుల శకం మీద ఆయన రాసిన వ్యాసాన్ని ఆ రోజుల్లో పరిశోధకులందరూ చదివే ఇండియన్ ఆంటిక్వరీ అచ్చువేసింది.

రెండో పని సవర భాష. పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. సంతకు దిగి వచ్చే సవరలను ఊళ్లో వ్యాపారి దగ్గర నుంచి బంట్రోతు వరకూ అందరూ మోసగించేవారే. కోర్టుకు వెళ్తే వాళ్ల మాట అర్థం చేసుకునేవాడు లేడు. సవర మన తెలుగు కుటుంబానికి చెందిన భాష కాదు, ముండా భాషల్లో ఒకటి. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు. రామమూర్తి గారు తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. తరువాత సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, పంతుళ్ల జీతాలు కూడా తానే ఇచ్చారు. ఇదంతా ఒక జమీందారీ ఊరి బడిపంతులు సంపాదన మీద! ఇంట్లో వారు ఎలా సర్దుకొచ్చారో ఆలోచిస్తే ఆ ఇల్లాలికి దండం పెట్టాలనిపిస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను 1911లో అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు తనకు వద్దని, దానితో సవరలకు ఒక మంచి బడి నడపమని కోరారు.

కొండల్లో తిరిగినందుకు ఆయన శరీరం చెల్లించిన మూల్యం పెద్దది. మన్యం జ్వరం పట్టుకుంది. ఆ రోజుల్లో మలేరియాకు ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. అది ఎక్కువగా వాడడం వల్ల చెవుడు వచ్చింది, జీవితాంతం పోలేదు. మనుషులు మాట్లాడే మాటను వినడమే తన పనిగా పెట్టుకున్నవాడికి ఇది ఎటువంటి దెబ్బో ఆలోచించండి. మనలో వినికిడి తగ్గినవారు చాలామంది ఉన్నారు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, సంఘ సమావేశాల్లో వెనక కుర్చీలోకి జరుగుతారు, తరువాత అసలు రావడమే మానేస్తారు. చెవులకు మిషను పెట్టుకోవడానికి మాత్రం మొహమాటం. నడివయస్సులో వచ్చిన వినికిడి లోపాన్ని నిర్లక్ష్యం చేస్తే ముసలితనంలో మతిమరుపు వ్యాధికి అది కూడా ఒక కారణం కావచ్చునని 2017 నుంచి లాన్సెట్ వైద్య పత్రిక నివేదికలు చెబుతూ వస్తున్నాయి. పంతులుగారి కాలంలో ఆ పరిశోధన లేదు, ఇప్పటి మిషన్లూ లేవు. ఆయన వెనక కుర్చీలోకి మాత్రం జరగలేదు.

ఇక మూడో పని. ఇది ఆయన వెతుక్కున్నది కాదు, వెతుక్కుంటూ వచ్చింది. 1907లో యేట్స్ అనే దొర ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. బజారులో విన్న తెలుగు ఒకటి, బడిలో పండితుడు చెబుతున్న తెలుగు ఇంకొకటి. ఇదెందుకని అడిగితే చెప్పగలిగినవాళ్లు కనబడలేదు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, దీనికి జవాబు చెప్పగలవాళ్లు గురజాడ, గిడుగు అని పేర్లు చెప్పారు. అప్పటికి రామమూర్తి గారికి నలభై నాలుగేళ్లు. అడిగిన ప్రశ్నకు జవాబు వెతకబోయి మిగిలిన జీవితమంతా అందులోనే ఉండిపోయారు.

ఇప్పటి పిల్లలకు ఈ గొడవ ఏమిటో తెలియదు. మన ఇళ్లలో ఈ పత్రిక చదివే మనుమలూ మనుమరాళ్ల కోసం నాలుగు మాటలు. నేను పని చేశాను, వాడు వస్తున్నాడు అని మనం మాట్లాడతాం. అలాగే రాస్తాం. ఆ రోజుల్లో బడిపిల్లవాడు అలా రాస్తే తప్పు. చేసితిని అనాలి, వచ్చుచున్నాడు అనాలి. ఎవరూ మాట్లాడని మాటలు నేర్చుకున్నాకే ఏ పాఠమైనా నేర్చుకోవాలి. ఇంట్లో పుస్తకాలున్న పిల్లవాడికి కొంత నయం, కూలివాడి కొడుకుకు ఆ తెలుగు ఇంగ్లీషంత దూరం. సవర పిల్లవాడికి సవరలోనే చదువు చెప్పాలని తపించిన మనిషికి, తెలుగు పిల్లవాడికి అతని తెలుగులో చదువు లేదన్న సంగతి కళ్లకు కట్టింది. (మన ఆఫీసు నోట్ ఫైళ్లలో మాత్రం పరిశీలించవలసినదిగా కోరడమైనది అనే భాష చివరిదాకా పోలేదు. పంతులుగారు ఎ.జి. ఆఫీసు మెట్లెక్కలేదు కాబట్టి సరిపోయింది!)

1911లో రిటైరయ్యారు. అదే సంవత్సరం మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. గ్రాంథిక భాషను కాపాడాలనే పెద్దలంతా జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో అందులో చేరారు. రామయ్య గారు కూడా పెద్ద విద్వాంసులు, పెద్ద ఉద్యోగం చేసినవారు. కాబట్టి ఇది పండితుడికీ పామరుడికీ మధ్య తగాదా కాదు. చదువుకున్న పెద్దమనుషుల మధ్య పడిన పేచీ.

1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలోనైనా రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. పంతులుగారు సంతోషించడానికి ఎక్కువ కాలం పట్టనియ్యలేదు. పరిషత్తు పెద్దలు సభలు పెట్టి, మహజర్లు పంపి గట్టిగా ఎదిరించారు. ఆ వెసులుబాటు నిలవలేదు. ఒక ఉత్తర్వు వచ్చి, మరో ఉత్తర్వుతో రద్దయిపోతే ఎలా ఉంటుందో ఇంక్రిమెంట్ల కోసం పోరాడిన మనవాళ్లకు బాగా తెలుసు. చాలామంది అక్కడితో విసిగిపోతారు. ఆయన కూర్చుని 1913లో ఇంగ్లీషులో ఒక పెద్ద విజ్ఞాపన పుస్తకం రాశారు. తెలుగు వాడుక మారుతూ వచ్చిన తీరుకు ఉదాహరణల మీద ఉదాహరణలు చూపించారు. పాత రాళ్లు చదివిన చదువు ఇక్కడ అక్కరకొచ్చింది.

1915 నవంబరు 30న గురజాడ పోయారు. చిన్ననాటి స్నేహితుడు, ఈ పోరాటంలో కుడిభుజం. రిటైరైనవాడి జీవితంలో అన్నిటికన్నా బరువైనది తోటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. మన సంఘంలో కూడా ప్రతి సమావేశం రెండు నిమిషాల మౌనంతోనే మొదలవుతోంది. ఆ దుఃఖంలోంచి మంచం పట్టినవాళ్లను చూశాం. పంతులుగారు ఆ మరుసటి సంవత్సరమే, 1916లో, కొవ్వూరు పండితుల సభలో లేచి నిలబడి వాడుక భాష పక్షాన మాట్లాడారు. దుఃఖం లేక కాదు. ఇద్దరు మోసే బరువు ఇప్పుడు ఒక్కడి నెత్తిన పడింది, దించుకుంటే మోసేవాళ్లు లేరు.

1919 వచ్చేసరికి ఇంకో ఆసరా దొరికింది. ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం స్థాపించారు. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, ఈయన కార్యదర్శి. గ్రాంథికంలోనే అంత సాహిత్యం సృష్టించిన వీరేశలింగం గారు డెబ్బై దాటిన వయస్సులో ఇటు మొగ్గడం చిన్న విషయం కాదు. అయితే మే 27న ఆయనా కన్నుమూశారు. మూడు నెలల ముచ్చట. అదే సంవత్సరం పంతులుగారు తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఏడాది మాత్రమే నడిచింది. పత్రిక నడపడమంటే ఏమిటో, చందాలు ఎలా వస్తాయో ఈ సంచిక తెచ్చినవారిని అడగండి, చెబుతారు.

లెక్కవేసి చూడండి. రిటైరైన ఎనిమిది తొమ్మిదేళ్లలో ఉత్తర్వు పోయింది, స్నేహితుడు పోయాడు, అధ్యక్షుడు పోయాడు, పత్రిక పోయింది. చెవులు అంతకుముందే పోయాయి. ఇక చాలు, రామా కృష్ణా అనుకుంటానంటే ఆయన్ను తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఎందుకు ఆగలేదు? దేశాభిమానం, భాషాభిమానం అని పెద్ద మాటలు చెప్పవచ్చు. నాకు అనిపించేది వేరు. ఆయనకు ఆ పని మీద కుతూహలం తీరలేదు. ఎదుటివాడి వాదం వినబడగానే దానికి రుజువు ఎక్కడ దొరుకుతుందో వెతకాలనే ఆత్రం ఉండేది. ప్రతి ఉదయమూ చూడవలసిన పుస్తకం ఒకటి, జవాబు రాయవలసిన వ్యాసం ఒకటి సిద్ధంగా ఉండేవి. ఆయన వాదాల్లో కోపం ఉంది, వ్యంగ్యం ఉంది, విసుగు మాత్రం ఎక్కడా కనబడదు. గ్రాంథికమే రాయాలనే పండితులు ఆ గ్రాంథికాన్ని సైతం తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల పుస్తకాల్లోంచే ఏరి చూపిస్తూ ఒక పుస్తకం రాశారు. దానికి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అని పేరు పెట్టారు. వైద్యులకే వైద్యం అన్నమాట. అందులో ఒక చిలిపితనం ఉంది. ఆ చిలిపితనం నూరేళ్ల ఆయుష్షు పోసే మందేమో.

1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వాడుక భాష మీద పట్టుదల సడలించింది. 1925లో తణుకులో సాహితీ సమితి సభ. యువకవులంతా చేరారు. అరవై రెండేళ్ల పంతులుగారు నాలుగు గంటలసేపు మాట్లాడారు. కావ్యాల నుంచి, శాసనాల నుంచి వరుసగా ఉదాహరణలు ఇస్తూ పోయారు. మన వీడ్కోలు సభల్లో అరగంట నిలబడితే మోకాళ్లు పట్టేస్తాయి. నాలుగు గంటలు నిలబడి మాట్లాడడానికి కావలసిన ఊపిరి మందుల షాపులో దొరికేది కాదు. సమితివారు ఆయన వాదాన్ని ఒప్పుకున్నారు. మనుమల వయస్సువాళ్లతో వాదించి, వాళ్లను తన వెంట తెచ్చుకున్న ముసలాయన ఆయన. తన వయస్సువాళ్లతోనే కూర్చుని పాతరోజులు తలుచుకుంటూ ఉంటే ఆ పని జరిగేది కాదు.

ఈ గొడవల మధ్య సవర భాషను వదిలిపెట్టారనుకుంటే పొరపాటు. ముప్పై ఏళ్లు పైబడిన కృషి అది. 1931లో, అంటే అరవై ఎనిమిదో ఏట, ఇంగ్లీషులో ఆయన సవర భాషా వ్యాకరణం వెలువడింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదు దగ్గర. సవరలో మాట మధ్యలో గొంతులోనే ఆగిపోయే ధ్వనులు కొన్ని ఉన్నాయి. మంచి చెవులున్నవాళ్లు కూడా పట్టుకోవడం కష్టం. వాటికి కూడా గుర్తులు ఏర్పరచి రాశారు. ముండా భాషలు చదివే పండితులు నేటికీ ఆ పుస్తకాలు తిరగేస్తూనే ఉన్నారు. తండ్రి పనికి కుమారుడు సీతాపతి గారు తోడు నిలిచారు. ఇంట్లో పిల్లలకు తన పని ఏమిటో తెలిసేలా బతకడం కూడా ఒక అదృష్టం.

గౌరవాలు రాకపోలేదు. 1913లో రావుసాహెబు బిరుదు, 1933లో సప్తతి ఉత్సవం, ఆ సందర్భంగా పండితుల వ్యాసాలతో ఒక పెద్ద సంపుటం, 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ. ఇవి చెప్పకపోతే జీవిత చరిత్ర పూర్తికాదు కాబట్టి చెప్పాను.

చెప్పవలసిన కష్టం ఇంకొకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలపవద్దని పంతులుగారు శక్తికొద్దీ పోరాడారు, ఓడిపోయారు. పదిహేడేళ్ల వయస్సులో 30 రూపాయల ఉద్యోగానికి వచ్చి, యాభై ఆరేళ్లు బతికిన ఊరు. ఆ రోజు ఉదయమే ఇల్లు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. డెబ్బై మూడో ఏట! రిటైరైన తరువాత సొంత ఊరు మారాలంటేనే మనలో చాలామందికి గుండె జారిపోతుంది. పిల్లల దగ్గరకు హైదరాబాదో అమెరికాయో వెళ్లి నాలుగు నెలలకే తిరిగొచ్చేస్తాం, అక్కడ మనవాళ్లు లేరని. ఆయనకు రాజమహేంద్రవరంలో మనవాళ్లను పని తెచ్చిపెట్టింది. నవ్య సాహిత్య పరిషత్తువారు, పత్రికలవారు, వాడుక భాషలో రాయడానికి ముందుకొచ్చిన యువకులు. నిఘంటువు పూర్తయి బయటికి వచ్చింది కూడా ఇల్లు మారిన తరువాతే.

1937లో తాపీ ధర్మారావు గారు జనవాణి పత్రికను వాడుక భాషలో నడపడం మొదలుపెట్టారు. ధర్మారావు గారు పర్లాకిమిడిలో రామమూర్తి గారి దగ్గర చదువుకున్న విద్యార్థే. క్లాసులో చెప్పిన పాఠం అచ్చులో తిరిగొచ్చేసరికి మాస్టారికి డెబ్బై నాలుగేళ్లు.

అయినా పని పూర్తయిందని ఆయన అనుకోలేదు. బడి పుస్తకాలు, పరీక్షలు ఇంకా పాత భాషలోనే ఉన్నాయి. పత్రికలన్నీ మారలేదు. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలుసుకొని, జనం మాట్లాడే తెలుగులోనే రాయమని మరొక్కసారి విన్నవించుకున్నారు. ఆరోగ్యం అప్పటికే చెడింది. ఆ తరువాత వారం రోజులకు, జనవరి 22న కన్నుమూశారు.